సంచిలో ఎంత మిగిలింది?

తెల్లవారుజాము నాలుగు దాటింది. కైకలూరు నుంచి కొల్లేటి వైపు వెళ్లే దారిలో రెండు పక్కలా చేపల చెరువులే. ఓ చెరువు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని ఒకాయన నడుస్తుంటాడు. నాలుగడుగులు వేస్తాడు, ఆగుతాడు, నీటి మీదికి లైటు కొడతాడు, మళ్లీ నడుస్తాడు. మేత వెయ్యడానికి రాలేదు. వల లాగడానికీ రాలేదు. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయేమోనని చూసుకోవడానికొచ్చాడు. చలికాలమైనా, వానాకాలమైనా, ఇంట్లో పెళ్లి పనులున్నా ఆ వేళకి గట్టు చుట్టి రావాల్సిందే. తను వెళ్లలేకపోతే ఇంట్లోవాళ్లో, కాపలా మనిషో వెళ్లాలి.

ఎందుకంటే చేపల చెరువుకి గండం వచ్చేది ఆ వేళే. పగలు ఎండ తగులుతున్నంతసేపూ నీటిలోని నాచు, కంటికి కనిపించని పచ్చటి సూక్ష్మజీవులు ఆక్సిజన్ తయారుచేస్తుంటాయి. పొద్దుగుంకితే తయారీ ఆగిపోతుంది. వాడకం మాత్రం ఆగదు. చేపలు పీలుస్తాయి, నాచు పీలుస్తుంది, అడుగున కుళ్లుతున్న మేత కూడా లాగేసుకుంటుంది. అందుకే సూర్యోదయానికి ముందు నీటిలో ఆక్సిజన్ అన్నివేళల కన్నా తక్కువగా ఉంటుంది. ముందురోజు ముసురు పట్టి ఎండ లేకపోతే ఇక చెప్పక్కర్లేదు. నెలల తరబడి పెట్టిన పెట్టుబడి తెల్లారేసరికి తెల్లటి పొట్టలతో తేలిపోవచ్చు.

ఈ ప్రాంతపు చేపల రైతులకి ఇంకో అలవాటూ ఉంది. బొచ్చె, శీలావతి పెంచే చెరువుల్లో మేతను నీటిలోకి ఊరికే గుమ్మరించరు. ప్లాస్టిక్ సంచులకి అడుగువైపు చిల్లులు పొడుస్తారు. నూనె తీసిన తవుడు, చెక్క కలిపి వాటిలో నింపుతారు. పడవ మీద వెళ్లి, చెరువులో పాతిన గడలకి ఆ సంచులు కట్టి వస్తారు. చేపలు చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకున్నది కాదిది, రైతుల చేతుల్లోంచి పుట్టిన పద్ధతి. తేలే గుళికల మేత వాడేవాళ్లు ఇప్పుడు పెరిగారుగానీ, సంచుల లెక్క తెలియని చేపల రైతు ఈ చుట్టుపక్కల దొరకడు.

ఆ లెక్క చాలా చిన్నది. కొన్ని గంటలయ్యాక సంచి ఎత్తి చూస్తారు. పూర్తిగా ఖాళీ అయితే రేపు కొంచెం పెంచొచ్చు. మిగిలిందంటే తగ్గించాలి. మబ్బు పట్టినా తగ్గించాలి. ఎక్కువ మేత వేస్తే చేప ఎక్కువ పెరుగుతుందన్న ఆశతో కుక్కితే, తినని మేత కుళ్లి, ఉన్న ఆక్సిజన్ కాస్తా తినేస్తుంది. పెరగడం అటుంచి ప్రాణానికే ముప్పు!

సరే, చెరువు సంగతి పక్కన పెట్టి మన ఇంటికొద్దాం. జనవరి ఒకటినో, ఉగాదినాడో గోడకి అతికించిన టైంటేబుల్ గుర్తుందా? ఐదింటికి లేవడం, అరగంట నడక, గంట ఇంగ్లీషు, రాత్రి డైరీ... రెండో వారానికి దాని మీద దుమ్ము, నెల తిరిగేసరికి దాని మీద కొత్త క్యాలెండరు. మనకి పట్టుదల లేదని మనల్ని మనమే తిట్టుకుంటాం. సంచి ఎత్తి చూడటం మాత్రం మరచిపోతాం.

పన్నెండు గంటల చదువు

అన్నిటికన్నా ఎక్కువ మేత కుక్కేది పిల్లల సంచిలోకే. తాడేపల్లిగూడెంలో 2015లో నిట్ వచ్చింది. పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. ఏలూరులో వైద్య కళాశాలలున్నాయి. ఊరి పక్కనే కనిపించే కలల కోసం ఇంటర్ పిల్లలు పొద్దున్నుంచి రాత్రిదాకా పుస్తకాల ముందు కూర్చుంటున్నారు. 'మావాడు రోజుకి పన్నెండు గంటలు చదువుతాడు' అని బంధువులతో చెప్పుకునే తండ్రికి ఒక్క ప్రశ్న. ఆ పన్నెండు గంటల్లో సంచి ఖాళీ అయింది ఎంత?

తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. పుస్తకం మూసేసి, చదివింది తెల్లకాగితం మీద రాయమనాలి. మార్కుల కోసం కాదు, మిగిలిన మేత కొలవడానికి. 2006లో అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల మీద ఇలాంటి పరీక్షే చేశారు. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తారుమారైంది. గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ఎక్కువ చెప్పగలిగారు. ఎక్కువసేపు కూర్చోవడానికీ, ఎక్కువ నిలవడానికీ ఉన్న తేడా అది.

ఇక నిద్ర. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ నిద్రా వైద్యుల సంస్థ 2016లో చెప్పింది. మన ఇళ్లలో ఈ మాట చెబితే నవ్వుతారు. కానీ పగలు చదివింది మెదడులో కుదురుకునేది నిద్రలోనే. పొద్దున్నే తూగుతూ చదివే గంట లెక్కలోకి వస్తుంది, బుర్రలోకి రాదు. ఓ వారం పాటు రాత్రి చదువు ఒక గంట తగ్గించి, ఆ గంట పడుకోనిచ్చి, మళ్లీ తెల్లకాగితం ఇచ్చి చూడండి. నిర్ణయం కాగితమే చెబుతుంది.

480 ముడులు

ఏలూరు పేరు చెబితే పాతతరం వాళ్లకి తివాచీలు గుర్తొస్తాయి. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లు తెచ్చిన విద్య అంటారు. లండన్‌లో 1851లో జరిగిన మహా ప్రదర్శనలో ఏలూరు తివాచీలు పెట్టారు. మగ్గాలు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి. చేత్తో ఒక్కో ముడీ వేసే తివాచీకి, మిల్లులో తయారయ్యే తివాచీ ధరతో పోటీ పడటం కష్టం. అయినా ఆ మగ్గం దగ్గర నేర్చుకోవాల్సిందొకటుంది.

ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు తివాచీ అనుకుందాం. అంగుళానికి అటు పది, ఇటు పది ముడులు. లెక్క కడితే మొత్తం 3,45,600 ముడులు! ఆ అంకె తలుచుకుంటే మగ్గం ముందు కూర్చోబుద్ధి కాదు. నేతగాడు దాన్ని తలుచుకోడు. అతని కళ్ల ముందుండేది ఒక్క వరుస. 480 ముడులు. వరుస నిండాక పేక దారం దూర్చి, పళ్లున్న పంజాతో కొట్టి బిగిస్తాడు. బిగించని వరుస మీద ఇంకో వరుస వెయ్యడం కుదరదు. నిన్న రాలేదు కదా అని ఈరోజు రెండింతలు వేగంగా వేస్తే ముడి వదులవుతుంది. తివాచీ తిప్పి చూస్తే దొంగ ముడి దొరికిపోతుంది.

ఇలా వరుసలుగా పని చేసి రాశి పోసిన మనిషి రచనల్లోనూ ఉన్నారు. తాడేపల్లిగూడేనికి దగ్గర్లోని తణుకులో 1912లో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుని 'వెయ్యి నవలల కొవ్వలి' అనేవారు. రైలెక్కిన ఆడవాళ్లూ మగవాళ్లూ ప్రయాణం పూర్తయ్యేలోగా చదివేసే చిన్న నవలలు ఆయనవి. 1975లో కన్నుమూశారు. ఇరవయ్యో ఏట కలం పట్టారనుకున్నా నలభై మూడేళ్లు. వెయ్యిని పంచితే నెలకి దాదాపు రెండు. వెయ్యి అనగానే నోరు తెరుస్తాంగానీ, పక్షానికొక చిన్న పుస్తకం అంటే ఆ అంకె కాస్త మన ఎత్తుకి దిగొస్తుంది. ఆ నవలల్లో ఎన్ని నిలుస్తాయన్నది విమర్శకుల పని. తెలుగువాళ్లకి, అందులోనూ ఇల్లాళ్లకి, చదివే అలవాటు చేసినవాళ్లలో ఆయన పేరు చెప్పకుండా ఎవరూ దాటిపోలేరు.

మాల తీసిన మర్నాడు

'ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది' అన్న మాట వాట్సాప్‌లో రోజూ తిరుగుతుంటుంది. దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో ఒక పుస్తకం రాశాడు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు అద్దంలో తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని అందులో చెప్పాడు. 'కనీసం' అన్న మాట దారిలో ఎక్కడో పడిపోయింది. కొత్త ముక్కు కాస్తా పొద్దున్నే నడకైపోయింది!

అసలు లెక్క తీసింది లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం. 96 మందిని ఎంచుకుని, భోజనంతో పాటు పండు తినడం, టిఫిన్ తర్వాత నడవడం లాంటి పని ఒకటి రోజూ చెయ్యమన్నారు. ఆలోచించకుండానే ఆ పని జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. ఒకరికి 18 రోజులే చాలు, మరొకరికి 254 రోజులు కావాలి అన్నంత తేడా ఉంది మనిషికీ మనిషికీ. 2009లో వెలువడిన ఈ అధ్యయనంలో ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోదగ్గ సంగతి ఇంకోటుంది. మధ్యలో ఒకరోజు మానేసినా పెద్ద నష్టమేమీ జరగలేదు. మర్నాడు మళ్లీ మొదలెడితే చాలు. 'నిన్న తప్పింది కాబట్టి ఇక అయిపోయింది' అనుకోవడంలోనే చాలా అలవాట్లు చచ్చిపోతాయి.

మనకి 21 కన్నా దగ్గరి అంకె 41. అయ్యప్ప మాల వేసుకున్న మనిషి తెల్లవారుజామున లేచి చన్నీళ్ల స్నానం చేస్తాడు, కాళ్లకి చెప్పులుండవు, నేల మీద పడుకుంటాడు. సిగరెట్ ముట్టడు. అంతకుముందు ఏడింటిదాకా లేవని మనిషే! మరి మాల తీసిన మర్నాడు చాలామంది మళ్లీ ఏడింటికే ఎందుకు లేస్తారు? దీక్షలో ఉన్నన్నాళ్లూ మెడలో మాల గుర్తుచేస్తుంది, గుళ్లో పూజ వేళ పిలుస్తుంది, తోటి స్వాములుంటారు, ఊరంతా 'స్వామీ' అంటుంది. ఇన్ని గుంజలు పట్టి నిలబెట్టిన పందిరి అది. గుంజలన్నీ ఒకేరోజు పీకేస్తే తీగ నేలకి పడుతుంది. అది తీగ తప్పు కాదు. దీక్షలో నేర్చుకున్నవాటిలో ఒక్కదాన్ని నిలుపుకోవాలన్నా దానికో గుంజ మిగల్చాలి. వేళ ఒకటి, తోడు ఒకరు ఉంటే చాలు.

సీజన్ టికెట్ గంట

గుంజ అంటే ఎలా ఉంటుందో చూడాలంటే పొద్దున్నే ఏలూరు స్టేషన్‌కి వెళ్లాలి. విజయవాడ దాదాపు 60 కిలోమీటర్లు. సీజన్ టికెట్ మీద రోజూ వెళ్లొచ్చే ఉద్యోగులు, విద్యార్థులు బోలెడుమంది. పోను గంట, రాను గంట అనుకుంటే నెలకి పాతిక పనిరోజుల్లో 50 గంటలు. పేకాటా, రాజకీయాలూ, కునుకూ పోగా మిగిలిన గంటలో డిపార్ట్‌మెంటల్ పరీక్షలకి చదువుకునేవాళ్లు ప్రతి పెట్టెలోనూ కనిపిస్తారు. ఇంటి దగ్గర కుదరని చదువు రైల్లో ఎలా కుదురుతుంది? రైలు రోజూ వస్తుంది కాబట్టి. ఎక్కాక వేరే పని లేదు కాబట్టి. వట్లూరు స్టేషన్ దాటగానే పుస్తకం తీస్తాను అనుకున్నవాడికి, ఏదో ఒకప్పుడు చదువుతాను అనుకున్నవాడికీ ఉన్న తేడాని జర్మనీకి చెందిన పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి పరిశీలించాడు. ఎక్కడ, ఎప్పుడు, దేని తర్వాత అన్నది ముందే అనుకున్నవాళ్లు పని పూర్తి చేసే అవకాశం బాగా ఎక్కువని తేల్చాడు.

రైలెక్కనివాళ్లకి ఇంట్లోనే రైళ్లున్నాయి. కుక్కర్ పెట్టాక ఈలలు వచ్చేదాకా, మోటారు వేశాక ట్యాంకు నిండేదాకా, పిల్లల్ని బడి ఆటో ఎక్కించాక... రోజూ తప్పక జరిగే పని పక్కనే కొత్త పనిని కట్టాలి. చెయ్యి ఫోన్ మీదికి పోయేదీ సరిగ్గా ఆ ఖాళీల్లోనే. ఫోన్‌ని పక్కగదిలో చార్జింగ్ పెట్టడం కూడా ఒక అలవాటే.

కాఫీ ఎవరు తెచ్చారు?

పనిలో క్రమశిక్షణ గురించి ఎవరు రాసినా ఇంగ్లండ్ నవలా రచయిత ఆంథొనీ ట్రాలప్ ప్రస్తావన వస్తుంది. పోస్టల్ శాఖలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేసిన ఆయన మొత్తం 47 నవలలు రాశాడు. పొద్దున్నే ఐదున్నరకి బల్ల ముందు కూర్చునేవాడు. ఎదురుగా గడియారం పెట్టుకుని పావుగంటకి 250 మాటల చొప్పున రాసి, ఆ తర్వాత ఆఫీసుకి వెళ్లేవాడు. ఈ కథ చెప్పేవాళ్లు తరచూ వదిలేసే ముక్క ఆయన ఆత్మకథలోనే ఉంది. ఆ వేళకి లేపి కాఫీ ఇవ్వడానికి ఒక ముసలి పనివాడుండేవాడు. అందుకు అతనికి ఏడాదికి అదనంగా ఐదు పౌన్లు ఇచ్చేవాడు. తన విజయంలో అందరికన్నా ఎక్కువగా ఆ మనిషికే రుణపడ్డానని ట్రాలప్ నిజాయితీగా ఒప్పుకున్నాడు.

మన ఇళ్లలో ఆ కాఫీ తెచ్చేది ఎవరు? నాలుగున్నరకి లేచి ధ్యానం, వ్యాయామం, పుస్తక పఠనం చెయ్యమని చెప్పే పుస్తకాలు చాలా వచ్చాయి. ఆ వేళ కుళాయి నీళ్లు పట్టేదెవరు, పాలు కాచేదెవరు, క్యారేజీలు కట్టేదెవరు అన్న పేజీ వాటిలో కనపడదు. ఏలూరు రామచంద్రరావుపేటలో టీచర్‌గా పనిచేస్తున్న ఒక ఇల్లాలు అనుకుందాం. ఐదింటికి లేస్తుంది. ఎనిమిదిన్నరకి బస్సు. ఆమెకి కొత్త అలవాటు నేర్పడం కన్నా ముందు ఆమె సంచి ఎత్తి చూడాలి. అది ఎప్పుడో నిండిపోయి ఉంటుంది. అలాంటి ఇంట్లో ఉత్పాదకత పెంచే మొదటి అలవాటు ఆమెది కాదు. భర్త కూరగాయలు తరగడం, పదో తరగతి పిల్లాడు తన క్యారేజీ తనే కట్టుకుని, సాయంత్రం కడిగి బోర్లించడం. రోజుకి ఆమెకి మిగిలే ఇరవై నిమిషాలు అక్కణ్నుంచే రావాలి, ఆమె నిద్రలోంచి కాదు.

కాలవ కట్టేసే నెల

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆనకట్ట నుంచి వచ్చే గోదావరి నీళ్లు కాలవల మీదుగా తాడేపల్లిగూడెం దాటి ఏలూరు దాకా వస్తాయి. అటు కృష్ణ నుంచి వచ్చే కాలవ కూడా ఏలూరులోనే కలుస్తుంది. లక్షల ఎకరాలకి నీరిచ్చే ఈ కాలవల్నీ ఏటా వేసవిలో కొన్ని వారాల పాటు కట్టేస్తారు. నీళ్లు తియ్యకుండా పూడిక తియ్యలేరు, తూడు పీకలేరు, లాకుల తలుపులు బాగుచెయ్యలేరు. కాలవ కట్టేసే ముందే ఊళ్లు మంచినీళ్ల చెరువులు నింపుకుంటాయి. కట్టేసినందుకు కాలవని బద్ధకిష్టిదని ఎవరూ అనరు. ఏ ఏడాదైనా ఆ పనులు సరిగా జరక్కపోతే శివారు పొలానికి నీళ్లందవని రైతులే గొడవ చేస్తారు.

ఉద్యోగం చేసే మనిషికి, చదివే పిల్లాడికి, ఇల్లు నడిపే ఇల్లాలికి కాలవ కట్టేసే రోజులు ఏవి? ఆదివారం కూడా ట్యూషన్, సెలవుల్లో కూడా బ్రిడ్జి కోర్సు పెట్టే ఇళ్లు ఒకసారి కొల్లేటి వైపు చూడాలి. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్ల నీళ్లన్నీ కొల్లేటిలోకే వస్తాయి. సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఒక్క ఉప్పుటేరు. పూర్వం ఆ సరస్సు వరదని పట్టి ఉంచి, మెల్లగా వదిలేది. ఏడాదంతా నీళ్లు పట్టని ఖాళీ జాగాని చూసి వృథాగా పోతోందనుకున్నారు. సరస్సు నేలలోనే చెరువులు తవ్వారు, గట్లు పోశారు. 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో కోర్టు ఆదేశాలతో అభయారణ్యం పరిధిలోని చెరువుల గట్లు తెగ్గొట్టారు. అప్పుడు బతుకుతెరువు పోయిన లంక గ్రామాల వాళ్ల కష్టం వేరే పెద్ద కథ. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచెత్తినప్పుడు ఆ నీళ్లు కొల్లేటికే వచ్చాయి. లంక ఊళ్ల దారులు మునిగాయి. ఖాళీగా కనిపించిన జాగా ఎందుకుండేదో నీళ్లొచ్చినప్పుడు తెలిసింది.

చలికాలంలో ఆటపాక వెళ్తే గూడబాతులు, పెలికాన్లంటామే, అవి గుంపులుగా కనిపిస్తాయి. పొద్దున్న వేట, మధ్యాహ్నం చెట్ల మీద కూర్చుని రెక్కలు సర్దుకోవడం. పిల్లల్ని ఒక ఆదివారం అక్కడికి తీసుకెళ్తే చదువు పాడవదు.

సాయంత్రమైంది. చెరువు మీద మబ్బు కమ్ముకుంటోంది. తూర్పుగాలి తిరిగింది. పడవ దిగిన రైతు ఆకాశం వైపు ఒకసారి, గడలకి వేలాడుతున్న సంచుల వైపు ఒకసారి చూశాడు. పొద్దున కట్టినవాటిలో నాలుగు సంచుల్లో మేత అలాగే ఉంది. రేపటికి సగమే కలపమని పనివాడికి చెప్పి, పడవ గట్టుకి కట్టేసి, పెందరాళే భోంచేసి పడుకోవడానికి ఇంటికి బయల్దేరాడు. నాలుగింటికి మళ్లీ లేవాలి కదా.